కొండ ఒకరిది, పూచీ ఒకరిది: ఆర్థిక మంత్రికి భిలాయి నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులు శ్రీమతి నిర్మలా సీతారామన్ గారికి,
కేంద్ర ఆర్థిక మంత్రి, న్యూఢిల్లీ.

అమ్మా,

తెలుగులో రాస్తున్నందుకు సంజాయిషీ అక్కర్లేదనుకుంటాను. మీరు తెలుగింటి కోడలు, ఒకప్పుడు ఆంధ్రప్రదేశ్ తరఫున రాజ్యసభలో కూర్చున్నవారు. నేను భిలాయిలో పుట్టి పెరిగిన తెలుగువాణ్ణి. మా నాన్న శ్రీకాకుళం జిల్లా నుంచి ఉక్కు కార్ఖానా కట్టే రోజుల్లో వచ్చి ఇక్కడే ఉండిపోయారు. సెక్టర్-5 బాలాజీ గుడి మెట్ల మీద కాసేపు కూర్చుంటే ఇప్పటికీ మా జిల్లా యాస చెవిన పడుతుంది, మధ్యమధ్య హిందీ ముక్కలతో.

కార్ఖానాలో నేను కొలిమి దగ్గర పనిచేసినవాణ్ణి కాను. నాది కాంట్రాక్టుల సెక్షను. ముప్పై ఏళ్ళు టెండర్లు, బ్యాంకు గ్యారంటీలు, ఆలస్యానికి పెనాల్టీలు, బోనస్ లెక్కలు. ప్రతి కాంట్రాక్టుకూ చివర్న ఆర్బిట్రేషన్ క్లాజు ఒకటి ఉండేది. సంతకాల నాడు దాన్ని చదివేవాడు ఉండడు. గొడవ వచ్చిన నాడు దాన్ని తప్ప ఇంకొకటి చదివేవాడు ఉండడు.

అందుకే 2025 ఫిబ్రవరి 1న మీరు బడ్జెట్ ప్రసంగం చదువుతుంటే, ఇంట్లో అందరూ పన్నెండు లక్షల దాకా ఆదాయపు పన్ను లేదన్న మాటకు సంబరపడుతుంటే, నా చెవి ఇంకో వాక్యం దగ్గర ఆగిపోయింది. ద్వైపాక్షిక పెట్టుబడి ఒప్పందాల కోసం మన దేశం రాసుకున్న నమూనాను తిరగరాసి, పెట్టుబడిదారులకు మరింత అనుకూలంగా మారుస్తామన్నారు. మర్నాటి పేపర్లలో ఆ వాక్యానికి పెద్దగా చోటు దక్కలేదు. ఈ లేఖ దాని గురించే.

ఈ ఒప్పందాలు మా సెక్షను కాగితాల్లాంటివి కావు. కాంట్రాక్టులో ఇద్దరు సంతకం పెడతారు, ఇద్దరికీ కేసు వేసే హక్కు ఉంటుంది. ఇక్కడ సంతకాలు రెండు ప్రభుత్వాలవి. కేసు వేసే హక్కు మాత్రం సంతకం పెట్టని కంపెనీది. మామూలుగా ప్రభుత్వమే ప్రతివాది. ఊరి రచ్చబండ మీద కాదు, మన హైకోర్టులోనూ కాదు, ఎక్కడో ముగ్గురు ఆర్బిట్రేటర్ల ముందు. వాళ్ళ తీర్పు మీద అప్పీలు దాదాపు లేనట్టే.

ఈ ఒప్పందాల గురించి రాసే పుస్తకాల్లో మన దేశానికి ఒక పేరుంది, ఆతిథ్య దేశం అని. ఆతిథ్యం అన్న మాటకు మన ఊళ్ళలో అర్థం తెలియనిదెవరికి? చుట్టం వస్తే కాళ్ళకు నీళ్ళిస్తాం, మంచం వాల్చుతాం, మనం తినేదాంట్లో మంచి ముద్ద ముందు ఆయనకే పెడతాం. అంతమాత్రాన పెరట్లో చెట్టు కొట్టాలా వద్దా అన్నది ఆయన చేతిలో పెట్టం. ఆతిథ్య దేశపు హక్కులంటూ పెద్దవాళ్ళు రాసే మాటల సారం, నాకు అర్థమైనంతలో, ఇంతే.

మా ఊరే విదేశీ సాయంతో పుట్టిన ఊరు, కాబట్టి విదేశీ సొమ్మంటే నాకు ఏవగింపేమీ లేదు. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. రెండున్నర శాతం వడ్డీ, పన్నెండు వార్షిక వాయిదాలు. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. రష్యన్ ఇంజనీర్లు ఇక్కడే కాపురాలున్నారు. మా మైత్రీబాగ్ పేరులోని మైత్రి వాళ్ళతోదే. కార్ఖానా మనది, అప్పు మనది, పేచీ వస్తే రెండు ప్రభుత్వాలు కూర్చుని తేల్చుకునేవి. ఆ పద్ధతి మళ్ళీ రావాలని నేననను. ఆ కాలం పోయింది.

ఇప్పటి పద్ధతిలో మనకు మొదటి దెబ్బ తగిలింది బొగ్గు దగ్గర. 1989లో ఆస్ట్రేలియా కంపెనీ వైట్ ఇండస్ట్రీస్‌కూ కోల్ ఇండియాకూ పిపర్వార్ గని కోసం కాంట్రాక్టు కుదిరింది. బొగ్గు నాణ్యత, బోనస్, పెనాల్టీ దగ్గర తేడా వచ్చింది. ఇది మా సెక్షనులో రోజూ నలిగే గొడవే. 2002లో ఆర్బిట్రేషన్‌లో కంపెనీ గెలిచింది, దాదాపు 40 లక్షల ఆస్ట్రేలియా డాలర్లు. కోల్ ఇండియా కలకత్తా హైకోర్టుకు వెళ్ళింది. అక్కడి నుంచి కేసు సుప్రీంకోర్టుకెక్కి, ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోయింది. కంపెనీ విసిగి పెట్టుబడి ఒప్పందం కింద భారతదేశం మీదే కేసు వేసింది. హక్కును కోర్టులో సాధించుకునే సరైన మార్గం కల్పించాలన్న షరతు ఆస్ట్రేలియా ఒప్పందంలో లేదు. కువైట్‌తో మన ఒప్పందంలో ఉంది. అత్యంత ప్రాధాన్య క్లాజు అనే దారిలో ట్రైబ్యునల్ ఆ షరతును అక్కడి నుంచి ఇక్కడికి తెచ్చి, 2011 నవంబరులో మనల్ని ఓడించింది. పక్కింటివాళ్ళకు రాసిచ్చిన మాట మన మెడకు చుట్టుకోవడమంటే ఇదే. అయినా ఆ కేసులో తప్పు మనదేనని నా అభిప్రాయం. తొమ్మిదేళ్ళు ఒక కాగితం కదలకపోతే ఎవడైనా ఇంకో తలుపు తడతాడు.

బ్రిటన్ చమురు కంపెనీ కెయిర్న్ కేసు మీకు నేను చెప్పక్కర్లేదు. 2012లో వెనకటి తేదీ నుంచి పన్ను వేసే సవరణ తెచ్చారు. 2020 డిసెంబరులో 120 కోట్ల డాలర్ల తీర్పు మన మీద పడింది. పారిస్‌లో మన ప్రభుత్వ ఆస్తుల మీద కోర్టు ఉత్తర్వులు తెచ్చుకున్నారు. 2021 ఆగస్టులో ఆ సవరణను వెనక్కి తీసుకునే బిల్లు పెట్టింది మీరే. అది మంచి పని. ఆటయ్యాక నియమం మార్చడం హక్కు కాదు, పేచీ. ఇది ముందే ఒప్పుకుంటున్నాను, ఎందుకంటే ఆతిథ్య దేశపు హక్కు గురించి మాట్లాడేవాళ్ళందరూ ప్రభుత్వం ఏం చేసినా సమర్థించేవాళ్ళని ఒక అపోహ ఉంది.

ఇక నా అసలు సంగతి. అది మన తెలుగు నేల మీదిదే.

విశాఖ మన్యంలో, చింతపల్లి అడవుల్లో జెర్రెల కొండలున్నాయి. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు తుపాకుల కోసం పోలీస్ స్టేషన్ మీద పడింది ఆ చింతపల్లిలోనే. అడవి చట్టాలతో కడుపు మండిన మనుషులు ఆయన వెంట నడిచారు. ఆ కొండల కింద బాక్సైట్ ఉంది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లోని రస్ అల్ ఖైమా పెట్టుబడి సంస్థతో ఎంవోయూ రాసుకుంది. మాకవరపాలెం దగ్గర అల్యూమినా రిఫైనరీ వాళ్ళు భాగస్వాములుగా పెట్టే కంపెనీది, బాక్సైట్ సరఫరా రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ పూచీ. కంపెనీ నేరుగా తవ్వకుండా రాష్ట్ర సంస్థ ఎందుకు మధ్యలోకి వచ్చింది? 1997 జులై 11న సుప్రీంకోర్టు సమతా కేసులో తీర్పిచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల లీజు చెల్లదు, రాష్ట్ర సంస్థ తవ్వవచ్చు అన్నది దాని సారం. తలుపు మూస్తే కిటికీ వెతుక్కున్నారు. కోర్టు పెట్టిన అక్షరం నిలిచింది, మిగతాది మీరే ఊహించుకోండి.

ఆ ఎంవోయూ నాటికి, షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల కోసం తెచ్చిన పెసా చట్టం వచ్చి పదేళ్ళు దాటింది. అటవీ హక్కుల చట్టం అంతకుముందు ఏడాదే పార్లమెంటు దాటింది. రెండూ గ్రామసభ మాట వినమనే చెబుతున్నాయి. హైదరాబాదులో సంతకాలు జరిగాయి. జెర్రెల గ్రామసభల మాట తీసుకుని కాదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, కొండ ఒకరిది, మాటిచ్చింది ఇంకొకరు.

తర్వాతి కథలో నన్ను అన్నింటికన్నా ఆశ్చర్యపరిచేది ఒక తేదీల వరస. 2012లో కేంద్ర గిరిజన వ్యవహారాల మంత్రిగా ఉన్న వైరిచర్ల కిశోర్ చంద్రదేవ్ గారు, స్వయానా అరకు ఎంపీ, ఈ బాక్సైట్ ఒప్పందాలు రద్దు చేయమని గవర్నర్‌కు రాశారు. రాజ్యాంగంలోని ఐదో షెడ్యూలు గవర్నర్‌కు ఆ అధికారం ఇచ్చిందన్నారు. 2013 డిసెంబరు 12న అదే ఢిల్లీ, యూఏఈతో పెట్టుబడుల రక్షణ ఒప్పందం మీద సంతకం పెట్టింది. ఒక మంత్రిత్వ శాఖ ఈ గని వద్దన్న రెండేళ్ళు దాటకుండానే ఇంకో శాఖ, వద్దంటే ఎవరికి జవాబు చెప్పాలో రాసిచ్చింది. రెండు ఫైళ్ళూ ఎప్పుడైనా ఒక బల్ల మీద కలిశాయా?

2015 నవంబరు 5న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 97 ఇచ్చి, 1,212 హెక్టార్ల అడవిని ఖనిజాభివృద్ధి సంస్థ చేతిలో పెట్టబోయింది. మన్యం భగ్గుమంది. జీవో పక్కన పెట్టారు. 2016లో రిఫైనరీకి బాక్సైట్ సరఫరా చేసే ఒప్పందాన్నే రద్దు చేశారు. అవతల మాకవరపాలెంలో రిఫైనరీ కట్టి ఉంది, ముడిఖనిజం లేదు. రస్ అల్ ఖైమా సంస్థ పెట్టుబడి ఒప్పందం కింద భారతదేశానికి నోటీసిచ్చి ఆర్బిట్రేషన్‌కు వెళ్ళింది.

వాళ్ళను నేను తప్పుపట్టను. ఇచ్చిన మాట నమ్మి డబ్బు పెట్టారు, మాట తప్పారు, అడిగారు. కాంట్రాక్టుల సెక్షనువాడిగా ఆ బాధ నాకు తెలుసు. గెలుపోటములు కూడా ఇక్కడ నా ప్రశ్న కాదు. నా ప్రశ్న కూర్చున్నవాళ్ళ గురించి. మాటిచ్చింది హైదరాబాదు. జవాబు చెప్పాల్సింది ఢిల్లీ. కొండ మీద ఉన్నది జెర్రెల. ఆ ఆర్బిట్రేషన్ బల్ల దగ్గర కంపెనీకి కుర్చీ ఉంది, ఢిల్లీకి కుర్చీ ఉంది. కొండవాడికి లేదు. కేసు నడిచేది అతని కొండ గురించే, కానీ కాగితాల్లో అతను కనిపించేది ఆటంకంగా మాత్రమే.

ఇది మనకొక్కళ్ళకే వచ్చిన చిక్కు కాదు. పెరూలో, పూనో ప్రాంతంలో, కెనడా కంపెనీ బేర్ క్రీక్‌కు సాంతా ఆనా వెండి గని హక్కులిచ్చారు. ఐమారా తెగ జనం తిరగబడ్డారు. 2011లో ప్రభుత్వం ఆ హక్కులు రద్దు చేసింది. కంపెనీ 52 కోట్ల డాలర్లకు పైగా అడిగింది. 2017లో ట్రైబ్యునల్ పెరూ తప్పే అని తేల్చి, 1.82 కోట్ల డాలర్లు ఇమ్మంది. ముగ్గురిలో ఒకరు, ఫిలిప్ శాండ్స్, వేరుగా రాశారు. జనం సమ్మతి తెచ్చుకోవాల్సిన పని కంపెనీది కూడా, అది చేయలేదు కాబట్టి పరిహారం సగానికి తగ్గించాలన్నది ఆయన మాట. ఆ కేసులో ప్రజల తరఫున ఒక సంఘం కాగితం దాఖలు చేస్తానంటే ట్రైబ్యునల్ తీసుకుంది. అంటే తలుపు కాస్త తెరవవచ్చు. తెరిచినందుకు ఆకాశం విరిగి పడలేదు.

మా ఊరి పక్కనే ఇంకో కథ ఉంది, మీకు తెలిసే ఉంటుంది. దుర్గ్ దగ్గర బోరాయి పారిశ్రామికవాడకు నీళ్ళ కోసం 1998లో, అప్పటి మధ్యప్రదేశ్‌లో, శివనాథ్ నది మీద ఒక ప్రైవేటు కంపెనీకి కాంట్రాక్టు ఇచ్చారు. పేరు రేడియస్ వాటర్. ఇరవై రెండేళ్ళు. నదిలో 23 కిలోమీటర్ల మేర వాళ్ళ అజమాయిషీ. పరిశ్రమలు వాడినా వాడకపోయినా రోజుకు నలభై లక్షల లీటర్లకు ప్రభుత్వ సంస్థ డబ్బు కట్టాలి. ఇలాంటి క్లాజు మా సెక్షనులో ఎవడైనా కుర్రాడు రాసుకొస్తే పైవాళ్ళు ఫైలు మొహాన కొట్టేవాళ్ళు. ఒడ్డున ఉన్న ఊళ్ళ జాలర్లు వల వేయడానికి లేకుండా పోయిందని మొత్తుకున్నారు. 2007లో ఛత్తీస్‌గఢ్ అసెంబ్లీ పబ్లిక్ అకౌంట్స్ కమిటీ రద్దు చేయమంది. అయినా కాంట్రాక్టు సాగింది, పరిహారం ఎంత అడుగుతారోనన్న భయం ఒక కారణం. అది మన దేశపు కంపెనీ, గొడవ మన కోర్టుల పరిధిలోది. అదే కంపెనీలో మారిషస్ మీదుగానో నెదర్లాండ్స్ మీదుగానో వచ్చిన వాటా ఉంటే? రాయపూర్‌లో భయపడ్డవాళ్ళు ఢిల్లీలో ఇంకెంత భయపడేవాళ్ళు?

బొలీవియాలో కోచబంబ ఊరు అలాంటి భయాన్ని దాటి చూపించింది. నీళ్ళ రేట్లు పెంచితే 2000లో జనం వీధుల్లోకి వచ్చారు, ప్రభుత్వం కాంట్రాక్టు రద్దు చేసింది, కంపెనీ నెదర్లాండ్స్‌తో ఉన్న ఒప్పందం పట్టుకుని కేసు వేసింది. మా మాట వినండని ఊరి జనం అడిగితే ట్రైబ్యునల్ కుదరదంది. చివరికి ప్రపంచమంతా వేలెత్తి చూపించాక 2006లో కంపెనీ రెండు బొలీవియానోలకు, అంటే రెండు నాణేలకు, రాజీ పడింది. అందరికీ అలా జరగదు. కోచబంబకు పేరొచ్చింది కాబట్టి జరిగింది. జెర్రెలకు అంత పేరు లేదు.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న కాగితం గురించి. వైట్ దెబ్బ తర్వాత, మన మీద వొడాఫోన్, దేవాస్ లాంటి కేసులు వరస కట్టాక, 2015 డిసెంబరులో మన ప్రభుత్వం కొత్త నమూనా ఒప్పందం ఖాయం చేసింది. అత్యంత ప్రాధాన్య క్లాజు తీసేశారు. పన్నుల్ని పరిధి దాటించారు. విదేశీ ట్రైబ్యునల్‌కు వెళ్ళేముందు ఐదేళ్ళు మన కోర్టుల్లో ప్రయత్నించాలన్నారు. పెట్టుబడిదారు మన చట్టాలకు లోబడాలని రాశారు. ముసాయిదాలో ప్రభుత్వానికి ఎదురు దావా వేసే హక్కు కూడా ఉండేది, ఆఖరి ప్రతిలో ఎందుకో కనిపించలేదు. పాత ఒప్పందాలు చాలావరకు రద్దు చేశారు. 2024 ఫిబ్రవరి 13న అదే యూఏఈతో కొత్త ఒప్పందం మీద సంతకమైంది, అందులో ఐదేళ్ళు మూడేళ్ళయ్యాయి.

మూడేళ్ళకు నాకు పేచీ లేదు. కోర్టులు నడిస్తే రెండేళ్ళు చాలు. నడవకపోతే ఐదేళ్ళు రాసినా వైట్ కేసే మళ్ళీ. వాటాలకూ బాండ్లకూ రక్షణ పెంచుతారా, పెంచండి, ఆ లెక్కలు మీకే బాగా తెలుసు. కానీ 2015 నమూనాలో ఒక చిన్న మాట ఉంది. స్థానిక ప్రభుత్వం తీసుకున్న చర్యకు ఈ ఒప్పందం వర్తించదని. స్థానిక ప్రభుత్వమంటే మునిసిపాలిటీ, కార్పొరేషన్, గ్రామస్థాయి ప్రభుత్వం అని నిర్వచనంలో ఉంది. పెట్టుబడిదారులకు అనుకూలం అన్న ఊపులో మొదట ఎగిరిపోయేది ఇలాంటి మాటే. దాని గురించి పార్లమెంటులో లేచి అడిగేవాడు ఉండడు.

నిజానికి అది ఉన్నంతమాత్రాన సరిపోదు. జెర్రెల విషయంలో రద్దు చేసింది రాష్ట్ర ప్రభుత్వం, గ్రామసభ కాదు. గ్రామసభ వద్దన్నందుకు, ఐదో షెడ్యూలు అడ్డొచ్చినందుకు రాష్ట్రం వెనక్కి తగ్గితే అదీ ఒప్పందం పరిధిలోకి రాదని రాయాలి. మా రాజ్యాంగం ఇలా అంటోందని ట్రైబ్యునల్ ముందు చెప్పుకుంటే చాలదు. సొంత చట్టం సాకుగా ఒప్పందం తప్పకూడదన్నది అంతర్జాతీయ న్యాయంలో పాత సూత్రం. కాబట్టి ఆ రాజ్యాంగం ముక్క ఒప్పందంలోనే ఉండాలి, ముందుగానే, అవతలివాళ్ళు చదివి సంతకం పెట్టేలా.

ఇంకొకటి, ఇది నా వృత్తి మాట. మేము టెండర్ పిలిస్తే మొదటి పేజీల్లోనే రాసేవాళ్ళం, ఫలానా అనుమతి వచ్చాకే పని మొదలు, రాకపోతే కాంట్రాక్టు లేదు, నష్టపరిహారం లేదు అని. ముందస్తు షరతు అంటారు దాన్ని. రాష్ట్రాలు విదేశీ సంస్థలతో రాసుకునే ప్రతి ఎంవోయూలో గ్రామసభ సమ్మతి ఇలాంటి షరతుగా ఉండాలని మీ శాఖ రాష్ట్రాలకు చెప్పాలి. అప్పుడు మాట తప్పారని అడిగే అవకాశమే ఉండదు, ఎందుకంటే ఇచ్చిన మాటే షరతుతో ఇచ్చింది. తమిళనాడు ఇస్తానన్న రాయితీల కోసం నిస్సాన్ కంపెనీ కేంద్రం మీద కేసు వేసిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. సంతకం ఒకరిది, పూచీ ఇంకొకరిది అయిన చోట ముందు ఆ సంతకం పెట్టే చేతికి నియమం కావాలి.

కొత్త నమూనా ముసాయిదాను 2015లో లాగే జనం ముందు పెట్టండి. అప్పుడు లా కమిషన్ 260వ నివేదికలో దాన్ని వాక్యం వాక్యం చదివి దిద్దింది. ఈసారి తెలుగులోనూ గోండీలోనూ కూడా ఒక సారాంశం వేయించండి. కంపెనీలకు ఎటూ లాయర్లున్నారు.

ముసాయిదా మీ బల్ల మీదికి వచ్చినప్పుడు రెండో అధికరణం, నాలుగో క్లాజు, మొదటి అంశం, ఆ స్థానిక ప్రభుత్వం మాట, ఒకసారి మీరే చూడండమ్మా. దాన్ని కొట్టేయనివ్వకండి.

ఇట్లు,
కాంట్రాక్టుల సెక్షనులో పనిచేసి రిటైరైన ఒక తెలుగువాడు,
భిలాయి, దుర్గ్ జిల్లా, ఛత్తీస్‌గఢ్.